పిల్లల డాక్టరుగా మొదటి ఐదేళ్లు: శ్రీకాకుళం, విజయనగరాల్లో ఎక్కడ చేరాలి?

పీజీ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో నాకు జూనియర్ పిల్లల డాక్టర్ల ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మూడు ఆఫర్లు ఉన్నాయి. రాజాంలో ప్రభుత్వ ఆసుపత్రి, శ్రీకాకుళంలో ప్రైవేటు, విజయనగరం మెడికల్ కాలేజీలో సీనియర్ రెసిడెన్సీ. ఏది పట్టుకోమంటావు?" అని అడుగుతారు. ఆ వెంటనే మూడు జీతాలూ చెప్తారు. జీతం సంగతి తర్వాత మాట్లాడదామని నేను ఒకటే అడుగుతాను. రాత్రి రెండింటికి నువ్వు ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) ఒక బిడ్డకు ఊపిరి ట్యూబ్ వేస్తున్నావు. అదే నిమిషంలో లేబర్ రూం నుంచి ఫోన్ వచ్చింది, ఇంకో బిడ్డ పుట్టి ఏడవలేదని. ఆ రెండో బిడ్డ దగ్గరికి ఎవరు వెళ్తారు?

చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆఫర్ ఇచ్చినవాళ్లను ఈ మాట అడగాలని కూడా తోచదు. నాకూ తోచలేదు. ఎండీ పీడియాట్రిక్స్ అయి పదకొండేళ్లయింది. ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ, రెండేళ్లు ప్రైవేటు, మూడేళ్లు ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, తర్వాత ఇప్పటిదాకా ఇంకో పిల్లల డాక్టరుతో కలిసి సొంత క్లినిక్. ఈ నాలుగు చోట్లా నేను బాగున్న రోజులూ, ఉద్యోగం వదిలేద్దామనుకున్న రోజులూ వెనక్కి తిరిగి చూస్తే, తేడా జీతంలో లేదు. పక్కన ఇంకో మనిషి ఉన్నారా లేదా అన్నదాంట్లోనే ఉంది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. చదువు ముగించి కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లల డాక్టర్లను ఏటా పలకరించి, పనీ జీవితమూ ఎలా ఉన్నాయో అడగడం దాని ఉద్దేశం. దాని నుంచి 2016లో వచ్చిన ఒక వ్యాసంలో, తమ వృత్తి తృప్తిగా ఉందన్నవాళ్లు నూటికి 83 మంది. పనికీ ఇంటికీ మధ్య తూకం సరిగ్గా ఉందన్నవాళ్లు మాత్రం 43 మందే. 30 మంది బర్నౌట్‌లో (పని భారంతో పూర్తిగా అలసిపోయి) ఉన్నామన్నారు. తోటి డాక్టర్ల సాయం, పనికి కావలసిన సామగ్రీ సిబ్బందీ ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారని కూడా తేలింది. అక్కడి ఆసుపత్రులు వేరు, మనవి వేరు. కానీ 83, 43 అన్న రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు మన కుర్ర డాక్టర్లే కనిపించారు. పిల్లల వైద్యం అంటే మనకు ఇష్టం పోదు. ఆ ఇష్టంతో చేసే పని మన ఒంటినీ ఇంటినీ తినేస్తుంటే ఎన్నాళ్లు నిలబడగలం అన్నదే లెక్క.

## ముందు ఏం చూడాలి

మొదటిది రాత్రి. నెలలో ఎన్ని రాత్రులు మీవి? డ్యూటీలో ఉండటమా, ఇంట్లో ఉండి ఫోన్ ఎత్తడమా? ఫోన్ డ్యూటీని చిన్నదనుకోకండి. నెలకు 30 రాత్రులు ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం, పది రాత్రులు ఆసుపత్రిలో మేలుకుని మిగతా ఇరవై రాత్రులు హాయిగా నిద్రపోవడం కన్నా కష్టం. సెలవు పెట్టినప్పుడు మీ బదులు ఎవరు చూస్తారో కూడా ఇందులోకే వస్తుంది.

రెండోది చేతులు. డాక్టర్లకన్నా ముందు నర్సుల గురించి అడగండి. ఎస్‌ఎన్‌సీయూకి (ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బు పసిబిడ్డల ప్రత్యేక విభాగం) ఉన్న మార్గదర్శకాల ప్రకారం ప్రతి షిఫ్టులో మూడు, నాలుగు మంచాలకు ఒక నర్సు ఉండాలి. నెలలు నిండని బిడ్డను బతికించేది ఆర్డర్ రాసిన డాక్టరు ఎంతో, గంటగంటకూ పాలు కొలిచి పోసి, ఒళ్లు చల్లబడకుండా చూసే నర్సూ అంతే. పన్నెండు మంది పిల్లలకు ఒకే నర్సు ఉన్నచోట మీరు ఎంత చదివినా లాభం లేదు. చేయగలిగింది కూడా చేయలేకపోయానే అన్న బాధే మనిషిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

మూడోది, ఐదేళ్ల తర్వాత మీ చేతిలో ఏ పని మిగులుతుంది? ట్యూబ్ వేయడం, లాంగ్ లైన్ పెట్టడం, వెంటిలేటర్ సెట్ చేయడం వాడకపోతే మరిచిపోతాం. అలాగే నాలుగేళ్లు ఎన్‌ఐసీయూలోనే ఉండిపోతే ఆరేళ్ల పిల్లాడి ఆస్తమాను ఓపిగ్గా చూడటం మరిచిపోతాం.

డబ్బు విషయంలో ఎంత అన్నదానికన్నా ఎప్పుడు, ఏ పేరుతో వస్తుందన్నది ముఖ్యం. ఇక ఇల్లు. మనలో చాలామంది డాక్టర్లనే పెళ్లి చేసుకుంటాం కాబట్టి ఒకే ఊళ్లో రెండు ఉద్యోగాలు వెతకాలి. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, అందుకే మధురవాడలో ఉండి రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళానికి ఆ వెసులుబాటు లేదు. దూరం వంద దాటుతుంది, రైలు స్టేషను కూడా ఊళ్లో కాదు, ఆమదాలవలసలో. రోజూ తిరుగుదామని మొదలుపెట్టినవాళ్లు ఆరు నెలల్లో ఇల్లు మార్చడమో ఉద్యోగం మార్చడమో చూశాను.

| ఎక్కడ | రాత్రులు | పక్కన ఎవరు | నేర్చుకునేది | డబ్బు |
|---|---|---|---|---|
| జిల్లా, ఏరియా ఆసుపత్రి | పోస్టులు నిండితే వంతులు, లేకపోతే అన్నీ మీవే | నర్సులు, స్టాఫ్. రెండో డాక్టరు చోటును బట్టి | అన్ని రకాల కేసులు | నెలనెలా స్థిరంగా |
| మెడికల్ కాలేజీ | రోస్టర్ ప్రకారం | సీనియర్లు, పీజీలు | బోధన, అరుదైన కేసులు | స్థిరంగా, పెరుగుదల నెమ్మది |
| ప్రైవేటు ఆసుపత్రి | ఎక్కువ | యాజమాన్యాన్ని బట్టి | నవజాత శిశువుల వైద్యం | మొదట్లో అన్నింటికన్నా ఎక్కువ |
| సొంత క్లినిక్ | అడ్మిషన్లు లేకపోతే నిద్ర మీదే, ఫోన్లు మాత్రం ఆగవు | ఒంటరి, లేదా భాగస్వామి | ఓపీ, పెరుగుదల, టీకాలు | మొదటి ఏడాది పెట్టుబడి, తర్వాత పెరుగుతుంది |
| ఇంకా చదువు | చాలా ఎక్కువ | గురువులు, తోటివాళ్లు | ఒకే విభాగంలో లోతు | స్టైపెండ్ |

ఈ పట్టికతోనే నిర్ణయం తీసుకోకండి. ఒకే రకం ఆసుపత్రుల్లో కూడా రెండింటి మధ్య నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది.

## జిల్లా ఆసుపత్రి, ఏరియా ఆసుపత్రి

నా మూడేళ్లలో నేను ఎక్కువ పని నేర్చుకున్నది ఇక్కడే, ఎక్కువ ఏడ్చిందీ ఇక్కడే.

కేసుల సంగతి చెప్తాను. వానలు మొదలైతే డెంగ్యూ, స్క్రబ్ టైఫస్, న్యుమోనియా. చలికి పసిపిల్లల ఆయాసం. పొలం గట్ల మీద తేలు కుట్టి, చెమటలతో చల్లబడిపోయిన చేతులతో వచ్చే ఏడేళ్ల పిల్లలు. వాళ్లకు వేళకు ప్రజోసిన్ పడితే తెల్లారేసరికి లేచి కూర్చుంటారు, ఆ పొద్దుటి రౌండ్స్ నేను మరిచిపోలేను. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు పనిచేస్తే మలేరియా, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు కూడా చూస్తారు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్రం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు పెరిగాయి. పరీక్షలో బయటపడ్డ బిడ్డను ఏళ్ల తరబడి చూసుకోవాల్సింది అక్కడ కూర్చున్న పిల్లల డాక్టరే. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ మూడూ మన్యం జిల్లాలోకి వెళ్లాయి, రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఖాళీల నోటిఫికేషన్ చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, పాత జిల్లా పేరుతో వెతికితే దొరకవు.)

ఇక్కడి రోగుల తీరు కూడా తెలిసి ఉండాలి. మన తీరం మత్స్యకారులు గుజరాత్ వెళ్తారు, ఊళ్లలో మగవాళ్లు చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్తారు. బిడ్డను తెచ్చేది నాయనమ్మ. "డాక్టరమ్మా, గుంటడు రాత్రినుంచి పాలు లాగట్లేదు" అంటుంది, నిర్ణయం చెప్పాల్సిన తండ్రి మాత్రం వెరావల్ నుంచి ఫోన్‌లో ఉంటాడు. విశాఖ పంపాలంటే ఆ ముసలావిడకు ఒకసారి, ఫోన్‌లో అతనికి ఒకసారి, పక్కన నిలబడ్డ మేనమామకు ఒకసారి చెప్పాలి. మొదట్లో నాకు విసుగొచ్చేది. రెండో ఏడాదికి అర్థమైంది, వాళ్లు నన్ను నమ్మడానికి పట్టే టైం అది.

అన్నింటికన్నా పెద్ద సుఖం, మందు రాసేటప్పుడు బిల్లు గురించి ఆలోచించనక్కర్లేదు. 1,800 గ్రాముల లోపు, 34 వారాల లోపు పుట్టిన బిడ్డలు ఎస్‌ఎన్‌సీయూలో చేరతారు. నెల రోజులున్నా తల్లి రూపాయి కట్టదు. 1,200 గ్రాములతో వచ్చిన ఒక పాపను కంగారూ కేర్‌లో తల్లి గుండెకు కట్టి, 40 రోజుల తర్వాత ఇంటికి పంపాం. ప్రైవేటులో అయితే పదో రోజుకే వాళ్ల నాన్న పొలం అమ్ముకునేవాడు.

కష్టం ఎక్కడంటే, ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఒక్కరే అయితే రాత్రులన్నీ మీవే. ప్రతి సిజేరియన్‌కి పిలుపు. పైగా క్యాజువాలిటీ వంతులు, మెడికో లీగల్ కేసులు, కోర్టు సాక్ష్యాలు, క్యాంపులు, శిశు మరణాల సమీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. రిఫర్ చేయడమూ తేలిక కాదు. పలాస నుంచి విశాఖ కేజీహెచ్‌కి దాదాపు 180 కిలోమీటర్లు. అంబులెన్సు ఎక్కించాక ఆ మూడు నాలుగు గంటలు మీకు అన్నం దిగదు.

అందుకని ఇక్కడ చేరేముందు పోస్టు పేరు కాదు, మంజూరైన పిల్లల డాక్టరు పోస్టులు ఎన్ని, అందులో నిండినవి ఎన్ని అని అడగండి. ఇద్దరున్న చోటు, అది కాస్త మారుమూల అయినా, ఒక్కరే ఉన్న పెద్ద టౌను కన్నా మేలు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. రెగ్యులరా, కాంట్రాక్టా, బదిలీ నిబంధన ఏమిటి, ఏజెన్సీ అయితే అదనపు అలవెన్సు ఎంత, ఇవన్నీ నోటిఫికేషన్‌లోనే ఉంటాయి, చదవండి. ఇంకో లాభం కూడా ఉంది. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2025 నిబంధనల ప్రకారం 220 పడకలు, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పీజీ అర్హతతో రెండేళ్లు పనిచేసినవాళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ దారి తెరుచుకుంది. అంటే జిల్లా ఆసుపత్రిలో చేరితే బోధన తలుపు మూసుకుపోయినట్టు కాదు.

## మెడికల్ కాలేజీ

మన రెండు జిల్లాల్లో నాలుగు ఉన్నాయి. శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీ 2008లో వచ్చింది. విజయనగరంలో ప్రభుత్వ కాలేజీ 2023లో మొదలైంది. ప్రైవేటులో రాగోలు, నెల్లిమర్ల.

ఇప్పుడే పీజీ అయిన ఎవరికైనా, వేరే బలమైన కారణం లేకపోతే, ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేయమనే చెప్తాను. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలు దారి అదే. మీ పీజీ బాండులో తప్పనిసరి సేవ ఉంటే ఆ లెక్కా ఇందులోనే తీరుతుందేమో చూసుకోండి. అసలు లాభం ఇంకోటి. పీజీలో మనం సార్ చెప్పింది చేస్తాం. ప్రైవేటులో చేరిన మొదటి రోజు నుంచి మనమే చెప్పాలి. ఈ రెండింటి మధ్య ఒక ఏడాది, నిర్ణయం మనం తీసుకుంటూ, తేడా వస్తే పక్క గదిలో అడగడానికి ఒక ప్రొఫెసర్ ఉన్న కాలం, దాని విలువ తర్వాత తెలుస్తుంది.

కొత్త కాలేజీకి, పాత కాలేజీకి తేడా ఉంది. 2023లో చేరిన మొదటి బ్యాచ్ ఇంటర్న్‌షిప్‌కి రావడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. కింద ఇంటర్న్‌లు, పీజీలు లేని చోట లైను పెట్టడం దగ్గర నుంచి డిశ్చార్జి రాయడం దాకా మీరే చేయాలి. కొందరికి అది ఇష్టం, ఒక విభాగాన్ని మొదటి ఇటుక నుంచి కట్టిన తృప్తి ఉంటుంది. విజయనగరంలో కాన్పులకు ఘోషా ఆసుపత్రి పేరు ముందు నుంచీ ఉంది కాబట్టి పసిబిడ్డల పనికి కొదవ లేదు. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు మాత్రం వార్డు ఒకసారి మామూలు రోజున చూడండి, తనిఖీ రోజున కాదు.

బోధన అంటే ఇష్టం లేనివాళ్లు ప్రమోషన్ కోసం ఇక్కడ ఉండకండి. అసోసియేట్ కావాలంటే నాలుగేళ్లు, రెండు పరిశోధనా పత్రాలు, బోధన మీదా పరిశోధన మీదా కోర్సులు. క్లాసు చెప్పడంలో సంతోషం ఉన్నవాళ్లకు ఇవి భారం కావు, లేనివాళ్లకు ప్రతి కాగితమూ బరువే.

## ప్రైవేటు ఆసుపత్రి

ఈ విభాగం కాస్త నిదానంగా రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువమంది మొదట ఇక్కడే చేరతారు. ఇళ్ల మీద అప్పులు, చదువు అప్పులు ఉన్నాయి, చెల్లి పెళ్లి ఉంది. నాకూ ఉన్నాయి.

నేను చేరిన చోట పది పడకల ఎన్‌ఐసీయూ ఉండేది. "వచ్చే నెల రెండో పీడియాట్రీషియన్ వస్తున్నారు" అని చెప్పి చేర్చుకున్నారు. ఆ వచ్చే నెల రెండేళ్లూ రాలేదు. ఒక దసరా రాత్రి, రెండు థియేటర్లలో రెండు సిజేరియన్లు ఒకేసారి మొదలయ్యాయి. ఒక బిడ్డ ఉమ్మనీటిలో మలం కలిసి, ఊపిరి లేకుండా పుట్టింది. నేను ఆ బిడ్డ దగ్గర ఉన్నాను. రెండో థియేటర్‌లో పుట్టిన బిడ్డ దగ్గరికి నర్సును పంపాను. ఆ అమ్మాయి కొత్తది, కానీ గట్టిది, ఊపిరి అందించే అంబు బ్యాగ్ పట్టుకుని నేను నేర్పినట్టే చేసింది. ఇద్దరు పిల్లలూ బతికారు. తెల్లారాక కారులో కూర్చుంటే నా చేతులు స్టీరింగ్ మీద నిలవలేదు. ఆ రోజు బతికారు కాబట్టి దీన్ని ఇప్పుడు రాయగలుగుతున్నాను. బతకకపోతే ఆ తండ్రికి నేను ఏం చెప్పేదాన్నో అన్న ఆలోచన ఇన్నేళ్లయినా పోలేదు.

అన్ని ప్రైవేటు ఆసుపత్రులూ ఇలాగే ఉండవు. ముగ్గురు పిల్లల డాక్టర్లతో వంతులు వేసుకుని చక్కగా నడిచేవి మన టౌన్లలోనే ఉన్నాయి. సర్ఫాక్టెంట్ (పసిబిడ్డల ఊపిరితిత్తులకు వేసే మందు), వెంటిలేటర్, ఎకో (గుండె స్కాన్) అన్నీ చేతికందుతాయి. అక్కడ రెండేళ్లు చేస్తే చేతికి వచ్చే ధైర్యం ఇంకెక్కడా రాదు. తేడా యాజమాన్యం నోటి మాటలో కాదు, కాగితంలో ఉంటుంది. కాబట్టి కాగితం గురించి చెప్తాను.

"మినిమమ్ గ్యారంటీ" అంటే ఎన్ని నెలల వరకు? చాలాచోట్ల ఆరు నెలలో ఏడాదో ఇచ్చి, తర్వాత మీ ఓపీ, అడ్మిషన్ల మీద శాతానికి మారుస్తారు. శాతం లెక్క దేని మీద, మొత్తం బిల్లు మీదా, డాక్టరు ఫీజు మీదా? ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల డబ్బు ఆసుపత్రికి వచ్చాకే మీకు ఇస్తారా, ముందే ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్న వల్ల నెలల తరబడి ఎదురుచూపు తప్పుతుంది. మీకు ఇచ్చేది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా? ఫీజు అయితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పీఎఫ్ ఉండదు, సెలవు జీతం ఉండదు. చెప్పిన అంకె ఒకటే అయినా చేతికి వచ్చేది వేరు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. వెళ్లిపోయాక ఇదే ఊళ్లో ప్రాక్టీసు పెట్టకూడదని రాసి ఉంటే భయపడిపోకండి. భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం వృత్తిని అడ్డుకునే అలాంటి షరతులు సాధారణంగా చెల్లవు, అయినా సంతకానికి ముందు ఒక లాయరుకు చూపించండి. నోటీసు పీరియడ్ మూడు నెలలు దాటకుండా చూసుకోండి. "టార్గెట్" అనే మాట ఇంటర్వ్యూలోనే వినిపిస్తే నా మటుకు నేను లేచి వచ్చేస్తాను. జ్వరం తగ్గిన బిడ్డను ఇంకో రోజు మంచం మీద ఉంచమని ఎవరో చెప్పే చోట మనం నిద్రపోలేం.

గొడవల సంగతి. బిడ్డ పోతే బంధువుల కోపం మొదట తగిలేది డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుకే. ఆసుపత్రుల మీద, వైద్యుల మీద దాడుల నివారణకు మన రాష్ట్రంలో 2008 నుంచి చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం ఉన్నా ఆ రాత్రి మీ వెనక నిలబడేది ఎవరు? యాజమాన్యం మాట్లాడటానికి వస్తుందా, లేక మిమ్మల్నే ముందుకు తోస్తుందా? అక్కడ పనిచేసిన నర్సులను అడిగితే ఇది తెలుస్తుంది. మీ పేరు మీద ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

## సొంత క్లినిక్

పీజీ అయిన వెంటనే పెట్టొద్దు. ఇది నా అభిప్రాయం, మా అన్నయ్య ఒప్పుకోడు, అతను వెంటనే పెట్టి బాగున్నాడు. కానీ అతనికి సొంత ఊరు, నాన్నగారి మెడికల్ షాపు, ముందే తెలిసిన జనం ఉన్నారు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో, విజయనగరంలో మయూరి జంక్షన్ దగ్గరో అద్దె, అడ్వాన్సు మీకు తెలిసిందే. తెలియని ఖర్చు టీకాలది. ఫ్రిజ్ నిండా ఉండే టీకాలే మీ పెట్టుబడిలో పెద్ద భాగం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఇంట్లో వాడే ఫ్రిజ్ తలుపులో పెడితే పాడవుతాయి, గడ్డకట్టినా హెపటైటిస్ బీ, పెంటావాలెంట్ లాంటివి పనికిరావు. మనది తుఫాన్ల తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్‌లో స్టాకు తక్కువ పెట్టుకోవడం, జనరేటర్ ఉన్న స్నేహితుడి ఆసుపత్రిలో చోటు ముందే మాట్లాడుకోవడం ఇక్కడి వాళ్లు పాటించే పద్ధతి. ప్రభుత్వం ఇచ్చే టీకాలు అంగన్‌వాడీ, పీహెచ్‌సీల్లో ఉచితం. ఆ మాట తల్లికి మీరే చెప్పండి. డబ్బు పెట్టలేని తల్లిని అటు పంపిన డాక్టరు దగ్గరికే ఆవిడ జ్వరానికి తిరిగి వస్తుంది.

కాగితాలు: మెడికల్ కౌన్సిల్‌లో ఎండీ అదనపు అర్హతగా నమోదు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్ఓ) దగ్గర ఆసుపత్రి రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం.

ఇక ఆర్‌ఎంపీల సంగతి. క్లినిక్ తెరిచిన నెలలోనే ఎవరో ఒకరు వచ్చి పంపిన కేసుకు ఇంత అని అడుగుతారు. వైద్య నీతి నియమాలు దీన్ని ఒప్పుకోవు, అదొక్కటే కారణం కాదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అవసరం లేని టెస్టు నుంచి వస్తుంది. మేము మొదటి రోజే కుదరదన్నాం. దాంతో మా ఓపీ నిండటానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని దిగినవాళ్లే "కుదరదు" అనగలరు. డబ్బు చూసుకుని దిగమని నేను చెప్పేది లాభం కోసం కాదు, ఇందుకు.

ఆదాయం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానల నుంచి సంక్రాంతి దాకా ఊపిరాడదు, వేసవిలో బెంచీలు ఖాళీ. జులై ఆదాయం చూసి ఈఎంఐ పెట్టుకోకండి.

నాకు కుదిరింది ఇద్దరం కలిసి పెట్టడం. ఒక వారం రాత్రి ఫోన్లు నావి, ఒక వారం నాతో క్లినిక్ పెట్టిన డాక్టరువి. నేను సిరిమానోత్సవానికి పిల్లలను తీసుకుని వెళ్తాను, ఆయన రథసప్తమికి అరసవల్లి వెళ్తాడు. ఆదాయం సగమవుతుందని అందరూ అన్నారు, నిజమే, మొదటి రెండేళ్లు సగమే. కానీ చిక్కు కేసు వస్తే పక్క గది తలుపు కొట్టి "ఒకసారి చూడవా" అనగలను. ఎన్‌ఐసీయూ పెట్టలేదు. పడకలు నాలుగే. పరిస్థితి విషమించిన బిడ్డలను పంపడానికి విశాఖలో ఎవరికి ఫోన్ చేయాలో మాకు తెలుసు.

కలిసి పెట్టేవాళ్లు మాత్రం స్నేహం మీద వదిలేయకుండా రాతకోతలు చేసుకోండి. అద్దె ఎవరి పేరున, టీకాల డబ్బు ఎలా, ఒకరు మానేస్తే రోగుల ఫైళ్లు ఎవరివి, అన్నీ రాయండి.

## ఇంకో మూడేళ్లు చదవడం

నియోనేటాలజీ (పసిబిడ్డల వైద్యం) డీఎం మూడేళ్లు, నీట్ ఎస్‌ఎస్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. ఫెలోషిప్‌లు ఏడాది ఉంటాయి. పసిబిడ్డల వైద్యమే జీవితం అనుకునేవాళ్లు ఆలస్యం చేయకుండా వెళ్లండి. పిల్లలు పుట్టాక, అప్పు తీసుకున్నాక వెళ్లడం కష్టం. చదివి వచ్చాక శ్రీకాకుళంలో ఆ స్థాయి యూనిట్ ఎవరు నడుపుతారు, జీతం ఎవరిస్తారన్నది కూడా ఆలోచించండి. ఏడాది ఫెలోషిప్ చేసి తిరిగొచ్చినవాళ్లు ఈ రెండు జిల్లాలకు ఎక్కువ ఉపయోగపడటం నేను చూశాను. ఏం చేయాలో తోచక పరీక్ష రాసేవాళ్లు మాత్రం ముందు ఒక ఏడాది ఎక్కడైనా పనిచేయండి.

## ఎవరికి ఏది

నెత్తిన అప్పు ఉన్నవాళ్లు ప్రైవేటుకే వెళ్లండి, తప్పు లేదు. కానీ ముగ్గురున్న చోటికి, రెండేళ్ల గడువు పెట్టుకుని వెళ్లండి. అప్పు తీరే తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. తేదీ లేకపోతే రెండేళ్లు ఆరేళ్లవుతాయి.

భార్యాభర్తలిద్దరూ డాక్టర్లైతే కాలేజీ ఉన్న ఊరు వెతకండి, శ్రీకాకుళమో విజయనగరమో. ఒకరికి కాలేజీలో, ఇంకొకరికి జిల్లా ఆసుపత్రిలోనో బయటో చోటు దొరుకుతుంది. ఒకరు పాలకొండ, ఒకరు ఇచ్ఛాపురం అయితే బిడ్డ అమ్మమ్మ ఇంట్లో పెరుగుతుంది.

చంటిబిడ్డ తల్లులకు నేను చెప్పేది మొహమాటం లేకుండా అడగమని. "రాత్రి డ్యూటీలు ఏడాదిపాటు వద్దు, బదులు పగటి ఓపీ రెండింతలు చూస్తాను" అని ఇంటర్వ్యూలోనే చెప్పండి. ఒప్పుకునే ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లల డాక్టర్లు దొరకడం ఈ జిల్లాల్లో అంత తేలిక కాదు, మీ మాటకు విలువ ఉంది. పాలిచ్చే తల్లులకు ఆరు నెలలు తల్లిపాలే అని చెప్తూ, మీ బిడ్డకు మూడో నెలలోనే డబ్బా పాలు పట్టాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. నాకు ఆ బాధ ఇంకా ఉంది.

ఎన్‌ఐసీయూ అలారం మోత కలలోకి వస్తున్నవాళ్లు ఏరియా ఆసుపత్రి ఓపీకో, క్లినిక్‌కో, కాలేజీకో మారండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద జిల్లాలో నడిచే డీఈఐసీలు, అంటే పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే కేంద్రాలు కూడా చూడండి. పుట్టుకతో వచ్చిన లోపాలు, మాటలు రాని పిల్లలు, నడక ఆలస్యమైన పిల్లలు వస్తారు. పని నెమ్మది, రాత్రులు లేవు. ఏడాది తర్వాత ఆ పిల్లాడు మొదటిసారి "అమ్మా" అన్నప్పుడు తల్లి ముఖం చూడటానికి మీరు అక్కడ ఉంటారు.

## సంతకానికి ముందు

ఇంటర్వ్యూ పగలు ఉంటుంది. మీరు మళ్లీ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్లండి. ఎన్‌ఐసీయూలో ఎంతమంది బిడ్డలు, ఎంతమంది నర్సులు ఉన్నారో లెక్కపెట్టండి. వార్మర్ల మీద ధూళి చూడండి. ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుందో, కరెంటు పోతే ఎన్ని సెకన్లలో జనరేటర్ అందుకుంటుందో అడగండి. డ్యూటీ డాక్టరు ఎంబీబీఎస్‌ ఎవరైనా ఉన్నారా, వాళ్లకు పసిబిడ్డకు ఊపిరి అందించడం వచ్చా? గత నెల రోస్టర్ చూపించమనండి. అందులో ఒకే పేరు ముప్పై రోజులూ ఉంటే, రేపు ఆ చోట మీ పేరు ఉంటుంది.

ఆ పేరున్న డాక్టరు ఎందుకు వెళ్లిపోయారో కూడా కనుక్కోండి. ఫోన్ నంబరు యాజమాన్యాన్ని అడగండి, ఇవ్వకపోతే నైట్ షిఫ్టు నర్సుల దగ్గర తప్పకుండా ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి ఓ పావుగంట మాట్లాడండి.